తీర్పు రానివ్వని తూటా

2015 ఏప్రిల్ 7న వరంగల్ సెంట్రల్ జైలు నుంచి ఐదుగురు విచారణ ఖైదీలను వాయిదా కోసం హైదరాబాద్‌ కోర్టుకు తీసుకెళ్తున్న పోలీసు వాహనం జనగామ దాటింది, పెంబర్తి దాటింది. ఆలేరు ఇంకా రాలేదు. అప్పటి వరంగల్, నల్లగొండ జిల్లాల సరిహద్దులో, కందిగడ్డ తండా దగ్గర ఆ ఐదుగురూ శవాలయ్యారు. కాపలాకు వెళ్లిన పోలీసులు 17 మంది. మూత్రానికని బండి ఆపించి, మళ్లీ ఎక్కేటప్పుడు తుపాకి గుంజుకోబోయారని, ప్రాణాలు కాపాడుకోవడానికే కాల్చామని పోలీసులు చెప్పారు.

ఆ రోజు మొదలైన మాట ఒకటి మన దిక్కున ఇప్పటికీ చెల్లుబాటవుతోంది: టెర్రరిస్టులకు కోర్టులేంది, మంచి పనైంది. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో చదువుకున్నవాళ్ల నోట కూడా ఈ మాటే. ఇలా అనేవాళ్లంతా క్రూరులు కారు. బాంబు పేలుళ్లలో ముక్కలైన మనుషులను టీవీల్లో చూసినవాళ్లు, డ్యూటీకి పోయిన కొడుకు తిరిగొచ్చేదాకా కంటి మీద కునుకు పట్టని పోలీసు కుటుంబాల వాళ్లు కూడా అందులో ఉన్నారు. అందుకే వాళ్ల వాదనను ఎగతాళి చేయను. దాన్ని దాని బలమైన రూపంలోనే ముందు పెట్టి, తర్వాత ఖండిస్తాను.

వాళ్లు చెప్పేది ఇది. చచ్చినవాళ్లు పోలీసులను చంపిన ఉగ్రవాదులు. వారం కిందటే సూర్యాపేటలో, ఆ తర్వాత జానకీపురంలో పోలీసుల నెత్తురు పారింది, దానికి జవాబు ఇలాగే ఉంటుంది. కోర్టులు ఏళ్లకేళ్లు సాగదీసి చివరికి వదిలేస్తాయి. ఇస్లామిస్టు మిలిటెంట్లన్న అనుమానం ఉన్నవాళ్లను వదిలేసిన దేశాలు ఏమయ్యాయో లిబియాను చూస్తే తెలుస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా ప్రశ్నించేవాళ్లు వాళ్ల సానుభూతిపరులే.

మొదటి మాటతో మొదలుపెడదాం. ఐదుగురిలో ప్రధానంగా వినిపించిన పేరు వికారుద్దీన్ అహ్మద్. తెహ్రీక్ గల్బా ఎ ఇస్లాం అనే సంస్థ పెట్టాడని, 2007లో మక్కా మసీదు దగ్గర జరిగిన పోలీసు కాల్పులకు పగ తీర్చుకోవడానికి హైదరాబాద్ పాతబస్తీలో పోలీసుల మీద కాల్పులు జరిపాడని అభియోగం. 2010 జులైలో అరెస్టయ్యాడు. అప్పటి నుంచి జైల్లోనే ఉన్నాడు. దాదాపు ఐదేళ్ల తర్వాత విచారణ చివరి దశకు వచ్చింది. వరంగల్ జైలు నుంచి తీసుకెళ్లేటప్పుడు తన ప్రాణానికి ముప్పుందని, హైదరాబాద్ జైలుకు మార్చాలని అంతకుముందే కోర్టును వేడుకున్నాడు.

అతను అమాయకుడని నేను అనడం లేదు. దోషి అని కూడా అనడం లేదు. ఆ మాట చెప్పే అధికారం ఒక్క న్యాయమూర్తికే ఉంది, ఆ న్యాయమూర్తి దగ్గరికే అతన్ని తీసుకెళ్తున్నారు. చివరి దశలో ఉన్న కేసులో ముద్దాయిలు తీర్పు ముంగిట్లో చనిపోతే నష్టం ఎవరికి? పాతబస్తీలో విధి నిర్వహణలో చనిపోయిన కానిస్టేబుల్ కుటుంబానికి కాదా? తమ ఇంటి మనిషిని ఎవరు చంపారో, ఎందుకు చంపారో, వెనక ఎవరున్నారో సాక్ష్యాలతో సహా ఒక న్యాయమూర్తి రాసిన తీర్పు ఆ ఇంటికి దక్కాల్సింది. తూటా ఆ తీర్పును రానివ్వలేదు. నేరం నిజంగా వాళ్లదే అయితే అది రుజువయ్యే దారి మూసుకుపోయింది. నేరం వాళ్లది కాకపోతే అసలు హంతకుడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. రెండింట్లో ఏది నిజమైనా అనుమానం మాత్రం అనుమానంగానే ఉండిపోయింది. ఉగ్రవాదాన్ని గట్టిగా ఎదుర్కోవాలని కోరేవాళ్లే మొదట కోపగించాల్సిన సంగతి ఇది.

సూర్యాపేట మాటకు వద్దాం. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఆ ఇద్దరినీ పోలీసులు చుట్టుముట్టారు. ఎదురెదురు కాల్పుల్లో ఆ ఇద్దరూ, కానిస్టేబుల్ నాగరాజు చనిపోయారు. తీవ్రంగా గాయపడిన ఎస్సై సిద్దయ్య ఏప్రిల్ 7న, అంటే ఆలేరు ఘటన జరిగిన రోజే, ఆస్పత్రిలో కన్నుమూశారు. చేతిలో ఆయుధంతో ఎదురుతిరిగిన వాడి మీద ప్రాణాలకు తెగించి పోరాడిన ఆ పోలీసులకు చేతులెత్తి మొక్కాలి. జానకీపురంలో జరిగింది నిజమైన ఎదురుకాల్పులని అనడానికి పోలీసు శవమే సాక్ష్యం.

కానీ సిద్దయ్య మీద కాల్చినవాళ్లు 2013 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత ఇస్లామిస్టు సంస్థ సిమి మనుషులు. వాళ్లు జానకీపురంలోనే చచ్చారు. ఆలేరు దగ్గర చనిపోయినవాళ్లు సూర్యాపేట కాల్పుల రాత్రి వరంగల్ జైలు గదుల్లో తాళం వెనక ఉన్నారు. ఒకరి నేరానికి ఇంకొకరిని చంపితే లెక్క సరిపోయిందనుకోవడానికి వాళ్ల మధ్య ఉన్న పోలిక ఏమిటి? మతం ఒకటే కావడం. దీన్ని న్యాయమని పిలిస్తే, పగలో ఇంటిపేరు చూసి నరికే ముఠాను ఏమని పిలవాలి? సిద్దయ్య త్యాగాన్ని ఆలేరుకు సమర్థనగా వాడటం సిద్దయ్యకే అవమానం. ఆయన ఎదురుగా ఉన్నవాడి చేతిలో తుపాకి ఉంది. కందిగడ్డ తండా దగ్గర చనిపోయినవాళ్ల చేతులకు బేడీలు ఉన్నాయి.

ఆ బేడీల ఫొటోలు దేశమంతా చూసింది. సీట్లలోనే ఒరిగిపోయిన శవాలు, చేతులకు బేడీలు, ఒక శవాన్ని ఆనుకుని తుపాకి. బేడీలు వేసిన ఖైదీ, 17 మంది సాయుధుల మధ్య, తుపాకి గుంజుకుని, దాని సేఫ్టీ తీసి, గురిపెట్టే దాకా వచ్చాడని నమ్మమంటున్నారు. సరే, ఒకడు తెగించాడనే అనుకుందాం. మిగతా నలుగురి సంగతేమిటి? ఒక్కరి కాలికి కూడా తూటా తగిలి ప్రాణం మిగలలేదే? పారిపోయే ప్రమాదం ఉందని ముందే తెలిస్తే బండి రోడ్డు పక్కన ఎందుకు ఆపారు? దారిలో జనగామ పోలీస్ స్టేషన్ ఉంది కదా? ఈ ప్రశ్నలకు జవాబు ఉండొచ్చు. ఆ జవాబును ప్రమాణం చేసి, ఎదుటి వకీలు వేసే అడ్డప్రశ్నల మధ్య చెప్పాలి. ప్రెస్‌మీట్‌లో చెప్తే సరిపోదు. ఆత్మరక్షణ అనేది హత్యారోపణకు ఇచ్చే సంజాయిషీ. దాన్ని రుజువు చేసుకోవాల్సిన భారం కాల్చినవాడి మీదే ఉంటుందని ఏ మున్సిఫ్ కోర్టు గుమస్తాను అడిగినా చెప్తాడు.

కోర్టులు తేల్చవు అనే మాట మిగతావాటి కంటే ఎక్కువ మందిని ఒప్పిస్తుంది. నిజాల దగ్గర మాత్రం ఇది నిలబడదు. ఎక్కడికో పోనవసరం లేదు. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందు మీద జరిగిన ఘోరం గుర్తుందిగా. నిందితుడిని కాల్చేయాలని ఊళ్లకు ఊళ్లే అరిచాయి. పోలీసులు కాల్చలేదు, సాక్ష్యాలు సేకరించారు. రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టు 8న, వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలుగా మార్చింది. 2020 అక్టోబరులో మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల బాబును ఎత్తుకుపోయి చంపిన కేసు వచ్చింది. అప్పుడూ ఎన్‌కౌంటర్ చేయాలన్న డిమాండే. అక్కడి కోర్టులో కేసు నడిచింది, 2023 సెప్టెంబరులో శిక్ష పడింది. ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఒకటే: నేరం ఎవరిదో తేలింది. ఎవరు చేశారన్న విషయంలో ఆ తల్లిదండ్రులకు సందేహం మిగలలేదు.

అవి మామూలు నేరాలు, ఉగ్రవాద కేసులు వేరు అంటారా? 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు 18 ప్రాణాలు తీశాయి. ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన యాసిన్ భత్కల్‌ను, మరో నలుగురిని పట్టుకుని విచారించారు. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురికీ ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 40 మందికి పైగా చనిపోయారు. 2018 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం, ఇద్దరు నిర్దోషులు. ఆ చివరి మాట మళ్లీ చదవండి. ఐదుగురినీ ఒకే బండిలో ఎక్కించి దారిలో కాల్చేసి ఉంటే, శిక్ష పడినవాళ్లతో పాటు శిక్ష పడని ఇద్దరూ చచ్చేవాళ్లు. మనం ఐదుగురినీ ఒకే పేరుతో పిలిచి సంతోషించేవాళ్లం. ఆలస్యం నిజమే, ఏడేళ్లు, పదేళ్లు పట్టడం అన్యాయమే. దానికి మందు జడ్జీల ఖాళీలు నింపడం, ప్రత్యేక కోర్టులు పెట్టడం, ఫోరెన్సిక్ లాబ్‌లకు మనుషులను, డబ్బును ఇవ్వడం. దారిలో చంపడం ఆలస్యాన్ని తగ్గించదు, తీర్పునే లేకుండా చేస్తుంది.

అనుమానం ఎంత సులభంగా దారి తప్పుతుందో హైదరాబాద్‌కు తెలిసినంతగా ఏ ఊరికీ తెలియదు. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. పోలీసులు వెంటనే పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. రహస్య చోట్ల పెట్టి హింసించారని వాళ్లు చెప్పారు. ఆ కేసులు కోర్టులో నిలబడలేదు. తర్వాత ప్రభుత్వమే తప్పు గుర్తించి 20 మందికి తలా 3 లక్షలు, మరో 50 మందికి తలా 20 వేల రూపాయలు పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కూడా కొట్టేసింది. మరోవైపు దర్యాప్తు సీబీఐకి, తర్వాత ఎన్ఐఏకు పోయింది. ఈసారి అనుమానం స్వామి అసీమానంద్ వంటి హిందూత్వవాదుల మీదికి మళ్లింది. 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఇక్కడ రెండు మతాల వాళ్లూ అనుమానితులే. రెండు వైపులా రుజువు కాలేదు. 2007లో పట్టుకున్న కుర్రాళ్లను ఏ రింగురోడ్డు మీదో కాల్చేసి ఉంటే ఏం జరిగేది? పత్రికల్లో ఒక రోజు పతాక శీర్షిక. ఉగ్రవాదులు హతం. కేసు మూత. తప్పు మనిషిని పట్టుకున్నామని ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. వాళ్లు బతికుండబట్టే తప్పు తప్పుగా తేలింది. ఆలేరును మెచ్చుకునేవాళ్లు తమ మనసుకు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: మక్కా మసీదు కేసులో అంత తప్పు చేసిన యంత్రాంగమే ఆలేరులో తప్పు చేయలేదని హామీ ఎవరిస్తారు?

ఈ అలవాటు జాతీయ రహదారి మీద పుట్టలేదు. ఎమర్జెన్సీ మొదలైన నెలలోపే, 1975 జులైలో, గిరాయిపల్లి అడవిలో వరంగల్ ఆర్‌ఈసీ విద్యార్థి సూరపనేని జనార్దన్ సహా నలుగురు యువకులను చంపి ఎదురుకాల్పులని రాశారు. ఎమర్జెన్సీ పోయాక తార్కుండే కమిటీ వచ్చి ఆ కథ బూటకమని తేల్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు మహదేవపూర్ నుంచి ఏటూరునాగారం దాకా, కొత్తగూడ నుంచి బయ్యారం దాకా అడవి పల్లెలు ఈ వార్తతోనే నిద్ర లేచాయి. తెలంగాణ వచ్చాక ఎన్‌కౌంటర్లు ఉండవని చాలా మంది ఆశపడ్డారు. 2015 సెప్టెంబరులో తాడ్వాయి అడవుల్లో వరంగల్ ఎంటెక్ విద్యార్థిని శ్రుతి, ఆమెతో పాటు విద్యాసాగర్ రెడ్డి చనిపోయారు. హింసించి చంపారని ఆమె కుటుంబం ఆరోపించింది. మరుసటేడు జిల్లాలు విడదీసినప్పుడు అదే తాడ్వాయి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది, ఆ తర్వాత ములుగుకు పోయింది. జిల్లా బోర్డులు మారాయి, పోలీసు ప్రకటన మారలేదు.

అడవిలో నక్సలైటు అనుమానితుడికి చేసినప్పుడు మైదానంలోని మర్యాదస్తులు పట్టించుకోలేదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులను మామునూరు దగ్గర చంపినప్పుడు కాలేజీ పిల్లలు పూలు చల్లారు. 2015లో ఆలేరు వచ్చింది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని చంపారు. మళ్లీ పూలు, మళ్లీ మిఠాయిలు. ఇక్కడా అదే కథ: కళ్లలో మట్టి కొట్టి తుపాకులు గుంజుకున్నారు. ఈసారి మాత్రం సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి సిర్పూర్కర్‌తో కమిషన్ వేసింది. పోలీసుల కథ నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని ఆ కమిషన్ 2022లో చెప్పింది. చచ్చిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఒక్కసారి నిజాయితీగా విచారించే సరికి బయటపడింది ఇదైతే, విచారించని మిగతా వందల ఘటనల కింద ఏమున్నదో ఊహించుకోవచ్చు. నక్సలైటు, యాసిడ్ నిందితుడు, ముస్లిం అనుమానితుడు, అత్యాచార నిందితుడు. ప్రతిసారీ వేరే గుంపు చప్పట్లు కొట్టింది. కాల్చే చేతికి మాత్రం అన్ని చప్పట్లూ కలిసి ఒకే అనుమతిపత్రం అయ్యాయి.

లిబియా సంగతికి వద్దాం. వాదన ఇలా ఉంటుంది: 2011లో గడాఫీ మీద తిరగబడ్డవాళ్లలో ఇస్లామిస్టు మిలిటెంట్లన్న అనుమానం ఉన్నవాళ్లు చాలా మంది ఉన్నారు, లండన్, మాంచెస్టర్‌ల నుంచి ప్రవాసులు తిరిగొచ్చి వాళ్లలో కలిశారు, గడాఫీ పోయాక దేశం ఐసిస్ పాలైంది, కాబట్టి ఇలాంటివాళ్లను మొదట్లోనే ఏరేయాలి. లిబియా మన తెలుగు ఇళ్లకు దూరపు ముచ్చట కూడా కాదు. 2015 జులైలో సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులను దారిలో ఎత్తుకుపోయారు. వాళ్లు విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. ఆంధ్రకు చెందిన ఒక డాక్టరు కూడా ఐసిస్ చెర నుంచి 2017లో బయటపడ్డారు. భయం నిజమైనదే. ఆ రాక్షసత్వాన్ని తక్కువ చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. 2012లో బెంగాజీలో అమెరికా రాయబారిని చంపింది మిలిటెంట్లే. 2017లో మాంచెస్టర్‌లో పాటల కచేరీకొచ్చిన పిల్లల మధ్య బాంబు పేల్చింది కూడా లిబియా ప్రవాస కుటుంబంలో పుట్టినవాడే.

అయితే లిబియా కథ పూర్తిగా చదివినవాళ్లకు దొరికేది వీళ్లు చెప్పేదానికి నేరుగా ఎదురు పాఠం. గడాఫీ అనుమానితులను వదిలిపెట్టిన పాలకుడు కాడు. ఏరేయడంలో ఆయన్ను మించినవాడు లేడు. 1996 జూన్‌లో ట్రిపోలీలోని అబూ సలీం జైల్లో సుమారు 1,200 మంది ఖైదీలను కాల్చి చంపారు. వాళ్లలో ఎక్కువ మంది ఇస్లామిస్టులన్న అనుమానంతో పట్టుకొచ్చినవాళ్లు. చాలా మందికి విచారణే జరగలేదు. ఏళ్ల తరబడి ఆ సంగతిని ప్రభుత్వం ఒప్పుకోలేదు. కొడుకు చచ్చిన సంగతి తెలియక తల్లులు జైలు గేటు దగ్గరికి బట్టలు, తిండి మోశారు. చివరికి ఆ కుటుంబాలు బెంగాజీ వీధుల్లో నిలబడి నిజం చెప్పమని అడగడం మొదలుపెట్టాయి. వాళ్ల తరఫు వకీలు ఫతీ తెర్బిల్‌ను 2011 ఫిబ్రవరి 15న అరెస్టు చేశారు. ఆయన్ను వదిలిపెట్టమని ఆ రాత్రి గుమికూడిన జనమే లిబియా తిరుగుబాటుకు నాంది. అనుమానితులను మూకుమ్మడిగా చంపడం ఆ దేశాన్ని కాపాడలేదు. ఆ దేశం కూలడానికి మొదటి నిప్పురవ్వ ఆ శవాల నుంచే లేచింది.

పాశ్చాత్య దేశాలూ ఇదే తప్పు చేశాయి. లిబియా ప్రవాసి అబ్దుల్ హకీమ్ బెల్హాజ్‌ను 2004లో బ్యాంకాక్‌లో పట్టుకుని, గర్భిణి అయిన భార్యతో సహా గడాఫీ చేతుల్లో పెట్టారు. బ్రిటన్ గూఢచారులు అందులో చేయి వేశారని 2011లో ట్రిపోలీలో దొరికిన కాగితాలు బయటపెట్టాయి. చిత్రహింసల జైలు నుంచి 2010లో బయటికొచ్చిన బెల్హాజ్, మరుసటేడు ట్రిపోలీని గెలిచిన బలగాల్లో సేనానిగా కనిపించాడు. ఆ తర్వాత తుపాకి పక్కన పెట్టి ఎన్నికల్లో పార్టీని నిలబెట్టి ఓడిపోయాడు. 2018లో బ్రిటన్ ప్రభుత్వం ఆ భార్యాభర్తలకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మరో లిబియన్ ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీని ఈజిప్టుకు అప్పగించి హింసిస్తే, ఇరాక్ అల్‌ఖైదాకు రసాయన ఆయుధాల శిక్షణ ఇచ్చిందని చెప్పాడు. 2003 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితిలో కొలిన్ పావెల్ యుద్ధాన్ని సమర్థించడానికి ఆ మాటనే వాడాడు. తర్వాత అల్ లిబీ ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, అప్పటికే ఇరాక్ తగలబడుతోంది. అతను 2009లో లిబియా జైల్లోనే చనిపోయాడు. ఏ కోర్టూ అతన్ని సూటిగా ఒక్క ప్రశ్న అడగలేకపోయింది.

2011 మార్చిలో నాటో సేనాధిపతి స్టావ్రిడిస్ తిరుగుబాటుదార్లలో అల్‌ఖైదా జాడలు లీలగా కనిపిస్తున్నాయని అమెరికా సెనేటర్ల ముందు చెప్పాడు. లీలగా కనిపించినవాళ్లలో ఎవరు ఏ దారి పట్టారు? కొందరు ఐసిస్‌లో కలిశారు. కొందరు ఎన్నికలకు పోయారు. దెర్నాలో 2015లో ఐసిస్‌ను తరిమింది మరో ఇస్లామిస్టు దళమే. సిర్తేను 2016 చివరికి ఐసిస్ చేతుల్లోంచి విడిపించిన మిస్రాతా బలగాల్లో చాలా మంది 2011 నాటి తిరుగుబాటుదార్లే. అంటే ఒకే అనుమానపు ముద్ర కింద పూర్తిగా వేర్వేరు మనుషులు ఉన్నారు. ఎవరు ఏమిటో విడదీసి చెప్పగలిగేది ఒక్కొక్కరి మీద విడివిడిగా జరిగే విచారణే. లిబియాకు అలాంటి కోర్టులు లేవు. మనకు ఉన్నాయి. ఉండి కూడా వాటి దాకా మనిషిని చేరనివ్వకపోతే, గడాఫీ చేసినదాన్నే ఎన్నికల ప్రభుత్వంలో చేస్తున్నట్టు.

ప్రశ్నించేవాళ్లు సానుభూతిపరులే అనే నింద వరంగల్‌కు పాత పరిచయం. 1985 సెప్టెంబరు 3న పౌరహక్కుల నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథంను ఆయన క్లినిక్‌లోనే చంపారు. ముందు రోజు నక్సలైట్లు ఒక ఎస్సైని చంపినందుకు ఈయన్ను చంపారు. ఒకరి నేరానికి మరొకరు. ఆలేరులో జరిగిన లెక్కే అక్కడా. 1991 డిసెంబరులో వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని హన్మకొండలో చంపారు. వీళ్లు అడిగింది పోలీసులకు కూడా చట్టం వర్తించాలని. నక్సలైట్ల హింసను కూడా నిలదీసిన పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ లాంటివాళ్లను సైతం సానుభూతిపరులనే అన్నారు. ఆ నింద వాదనలో జవాబు దొరకనప్పుడు వేసేది.

జనగామ మట్టికి ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. కామారెడ్డిగూడెం షేక్ బందగీ భూమి తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కాడు, గెలిచాడు. దొర మనుషులు ఆయన్ను దారి కాచి నరికారు. కోర్టును నమ్మి గెలిచిన ఒక ముస్లిం రైతును దారి మధ్య చంపినందుకే ఆయన తెలంగాణ పోరాటపు తొలి అమరుల్లో ఒకడయ్యాడు. ఇప్పటికీ ఆ సమాధి దగ్గర జనం చేరుతారు. పోరాట కాలంలో ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నల్లా నర్సింహులుకు ప్రత్యేక ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసింది. అప్పటి ప్రభుత్వం దృష్టిలో ఆయన టెర్రరిస్టే. కానీ కేసు కోర్టుల్లో సాగింది, ఉరిశిక్ష పడ్డ తెలంగాణ ఖైదీల కోసం బ్రిటన్ నుంచి డి.ఎన్.ప్రిట్ వచ్చి వాదించాడు, ఉరి యావజ్జీవంగా మారింది, నర్సింహులు బతికి బయటికొచ్చి తన పోరాటం గురించి తానే చెప్పుకోగలిగాడు. ఆయనతో పాటు పనిచేసిన ఎందరో అడవుల్లో కాల్చివేతకు గురయ్యారు. వాళ్ల మాట మనకు లేదు. కోర్టు దారికి, కాల్చివేత దారికి తేడా ఏమిటో జనగామకు ఢిల్లీ వాళ్లు వచ్చి చెప్పనవసరం లేదు.

కాబట్టి చేయాల్సింది ఏమిటో దాచిపెట్టాల్సిన పని లేదు. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయిన ప్రతిసారీ కాల్చినవాళ్ల మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని, ఆత్మరక్షణ నిజమో కాదో కోర్టులో తేలాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఆలేరు జరిగింది ఆ తర్వాత ఏడు నెలలు నిండకముందే. అంతకు చాలా ముందు, 1980లోనే, ఖైదీకి బేడీలు వేయడం మామూలు పద్ధతి కాకూడదని ఇదే కోర్టు చెప్పింది. ఆలేరు మీద అప్పటి ప్రభుత్వం ఏప్రిల్ 13న ఒక సిట్ వేసింది. దానికి నాయకుడూ పోలీసు అధికారే. పోలీసు చేసినదాన్ని పోలీసే విచారిస్తే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని తేల్చక మరేం చేస్తాడు? ఆలేరు మీద కూడా చటాన్‌పల్లి మాదిరిగా ఒక న్యాయమూర్తి విచారణ జరపాలి. సిట్ సేకరించిన ప్రతి కాగితం ఆయన ముందు పెట్టాలి. బండిలో ఉన్న 17 మంది ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాలి. వాళ్లు నిజంగా ప్రాణాలు కాపాడుకోవడానికే కాల్చి ఉంటే, ఆ విచారణ వాళ్ల పేర్ల మీద మచ్చ కూడా తుడిచేస్తుంది. కాదని తేలితే హత్యకు పడే శిక్షే పడాలి.

ఇది ఉగ్రవాదుల పట్ల మెతకతనం అనేవాళ్లకు ఒకటే జవాబు. దిల్‌సుఖ్‌నగర్ బాంబుదారులకు శిక్ష పడింది, అది కోర్టు వేసింది. సూర్యాపేట హంతకులను పోలీసులు ఎదురొడ్డి పడగొట్టారు, దానికి సాక్ష్యం ఉంది. ఉగ్రవాదం మీద గెలిచినచోట ఎక్కడ చూసినా పనిచేసింది చట్టమే. ఆలేరులో అది పనిచేయడానికి కొన్ని గంటల ప్రయాణం, కొన్ని వాయిదాలు మాత్రమే మిగిలి ఉండగా చట్టాన్ని పక్కన పడేశారు. అది చేసినవాళ్లు ఉగ్రవాదాన్ని ఓడించలేదు, నేరం రుజువు చేసే అవకాశాన్ని పోగొట్టారు. దాన్ని మెచ్చుకోవడం మానుకోవాల్సిన బాధ్యత ముందుగా ఆ రోడ్డు పక్కన ఊళ్లలో బతికే మనదే.